ఓటు వేయడానికి ముందు పరీక్ష పెట్టవచ్చా?

ప్రశ్న: ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. బండి నడపాలంటే పరీక్ష ఉంది, వైద్యం చేయాలంటే పట్టా ఉండాలి. దేశాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చే ఓటుకు మాత్రం వయసు నిండితే చాలు. చట్టసభ ఏం చేస్తుందో, కట్టిన పన్ను ఎటు పోతుందో తెలియనివారి ఓటు, తెలుసుకుని వేసినవారి ఓటుకు గండి కొడుతుంటే బాధ కలుగుతుంది. అందరికీ ఒకే పత్రం, పది తేలిక ప్రశ్నలు, తప్పినవారికి మళ్లీ అవకాశం ఇస్తూ ఒక పరీక్ష పెడితే తప్పేమిటి?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు)

జవాబు: మీ ఆవేదనలో నిజముంది. ప్రభుత్వం నడిచే తీరు చాలామంది ఓటర్లకు సరిగా తెలియదని అనేక దేశాల్లో జరిగిన సర్వేలు పదేపదే చెప్పాయి. ఈ ఆలోచన ప్రజలంటే గిట్టనివారికే వస్తుందని కూడా నేను అనను. స్త్రీలకు ఓటు హక్కు కావాలని బ్రిటిష్ పార్లమెంటులో వాదించిన తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ సైతం, చదవడం, రాయడం, చిన్నపాటి లెక్కలు చేయడం రానివారికి ఓటు ఉండరాదని 1861లో రాశాడు. అయినా పరీక్ష వద్దనే నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే అలాంటి పరీక్షను కొన్ని చోట్ల దశాబ్దాల తరబడి నిజంగానే పెట్టారు, దాని ఫలితం మన కళ్ల ముందే ఉంది.

అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం 1890లో రాసుకున్న రాజ్యాంగం ప్రకారం, ఓటరుగా నమోదు కావాలంటే ఆ రాజ్యాంగంలోని ఏదైనా ఒక భాగాన్ని చదవగలగాలి, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే దాని అర్థం చెప్పగలగాలి. ఏ భాగం ఇవ్వాలో, చెప్పిన అర్థం సరైనదో కాదో నిర్ణయించేది నమోదు అధికారే కావడంతో, తెల్లవారికి ఒక్క వాక్యంతో ముగిసే నిబంధన, నల్లవారికి న్యాయవాదులు సైతం తడబడే నిబంధన ఇవ్వడం మామూలైపోయింది. లూసియానాలో 1960లలో వాడిన ఒక పత్రంలో 30 ప్రశ్నలు ఉండేవి. వాటికి పది నిమిషాల్లో జవాబులు రాయాలి, ఒక్కటి తప్పినా అనర్హతే. అందులో మొదటి ప్రశ్న ఇది: "ఈ వాక్యపు అంకె లేదా అక్షరం చుట్టూ ఒక గీత గీయుము." వాక్యానికి ముందున్న అంకెకు సున్నా చుట్టితే గీత గీసినట్టేనా? అక్షరం అంటే ఏ అక్షరం? మీరు ఎన్నో జవాబు పత్రాలు దిద్ది ఉంటారు. ప్రశ్న రెండు రకాలుగా అర్థమైతే, మార్కులు రాసినవారి చేతిలో నుంచి దిద్దేవారి చేతిలోకి వెళ్లిపోతాయన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

అందరికీ ఒకే తీరున వర్తిస్తే అక్షరాస్యత పరీక్ష రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1959లో తీర్పు ఇచ్చింది. మీ ప్రతిపాదన కూడా అదే. కానీ కాగితం మీది సమానత్వం నమోదు కార్యాలయపు బల్ల దగ్గరికి చేరేసరికి నిలవలేదు. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చి ఆ రాష్ట్రాల్లో పరీక్షలను ఆపించింది. 1964లో మిసిసిపిలో అర్హులైన నల్లవారిలో నమోదైనవారు 7 శాతం కూడా లేరు. 1967 నాటికి దాదాపు 60 శాతానికి చేరారు. అంత కొద్ది కాలంలో వారి చదువు తొమ్మిది రెట్లు పెరగలేదు. పరీక్ష పోయింది, నమోదు చేయడానికి కేంద్రం తన అధికారులను పంపింది, అంతే.

అది దురుద్దేశంతో పెట్టిన పరీక్ష, నేను నిజాయితీగల పరీక్ష అడుగుతున్నానని మీరు అనవచ్చు. ఎవరినీ ఆపాలన్న ఉద్దేశం లేని చోట ఏం జరిగిందో బ్రెజిల్‌లో చూడవచ్చు. చదువురానివారికి అక్కడ 1985లో ఓటు హక్కు వచ్చింది. కాని చట్టసభల ఎన్నికల్లో అభ్యర్థి పేరో సంఖ్యో కాగితం మీద స్వయంగా రాయవలసి ఉండడంతో, చెల్లని ఓట్లు కుప్పలుగా పడేవి. పరీక్ష అన్న పేరు లేకపోయినా అది పరీక్షే. తరువాత ఓటింగ్ యంత్రాలు వచ్చాయి. ఫోనుకు ఉన్నట్టు అంకెల మీటలు. సంఖ్య నొక్కగానే తెర మీద అభ్యర్థి ఫొటో కనిపిస్తుంది. మనిషిని పోల్చుకుని ఆకుపచ్చ మీట నొక్కితే ఓటు పడినట్టే. 1998లో ఈ యంత్రాలు పెద్ద పట్టణాలకు ముందు, చిన్నవాటికి ఆ తరువాత రావడంతో, రెండింటినీ పోల్చి చూసే వీలు దొరికింది. ఆర్థికవేత్త థామస్ ఫుజివారా అలా పోల్చి చూశాడు: పేదల ఓట్లు చెల్లుబాటు కావడం మొదలయ్యాక ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయం పెరిగింది, అంతగా చదువుకోని తల్లులకు గర్భిణీ దశలో వైద్య పరీక్షలు ఎక్కువగా అందాయి, వారికి తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు.

మీ బండి పోలికకు నా జవాబు ఇక్కడే ఉంది. బండి నడపడంలో ఏది ఒప్పో ఏది తప్పో ముందే తేలి ఉంటుంది, దాన్ని పరీక్షించవచ్చు. డబ్బు ముందు ఆసుపత్రికి ఖర్చు పెట్టాలా, వంతెనకు పెట్టాలా అన్నది ఎన్నికల్లోనే తేలాలి. ఆసుపత్రిలో వైద్యుడు లేక బిడ్డను ఎత్తుకుని వెనుదిరిగిన తల్లికి చట్టసభకు ఎన్ని సభలుంటాయో తెలియకపోవచ్చు, కానీ ఆ వైద్యుడు లేడన్న సంగతి ఆమెకు తెలిసినంతగా ప్రశ్నపత్రం తయారు చేసేవారికి తెలియదు. పైగా ఆ పత్రాన్ని తయారు చేయించేది అప్పటికి అధికారంలో ఉన్నవారే.

తెలియనితనం మిగిలిపోతుంది కదా అంటే, నిజమే. దానికి నేర్పడమే మార్గం, అది మీరు జీవితమంతా చేసిన పని. ఐర్లండ్‌లో 2016లో ఏర్పాటైన పౌర సభకు 99 మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేశారు. గర్భస్రావ చట్టం వంటి చిక్కు అంశంపై వారు ఐదు వారాంతాలు నిపుణుల మాటలు విని, ప్రశ్నలు వేసి, సిఫారసులు చేశారు. 2018లో జరిగిన జనాభిప్రాయ సేకరణకు అవే పునాది అయ్యాయి. వారిలో ఎవరికీ ముందుగా పరీక్ష పెట్టలేదు. తెలుసుకోవడానికి వ్యవధి ఇచ్చారు.

ప్రశ్న: ఎవరి ఓటూ తీసేయకుండా, చదువుకున్నవారికి అదనంగా మరో ఓటు ఇస్తే?
(ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: బ్రిటన్‌లో అదీ జరిగింది. విశ్వవిద్యాలయాలకు పార్లమెంటులో ప్రత్యేక స్థానాలుండేవి. పట్టభద్రులు తమ ఊళ్లో ఒక ఓటు, విశ్వవిద్యాలయ స్థానంలో మరొక ఓటు వేసేవారు. 1948 చట్టంతో ఆ స్థానాలు రద్దయ్యాయి. వాటి నుంచి మంచివారు రాలేదని చెప్పను. ఎలినార్ రాత్‌బోన్ అలా గెలిచినవారే. పిల్లల పోషణకు ప్రభుత్వం ఇచ్చే భత్యం కోసం ఆమె ఏళ్ల తరబడి పోరాడారు. 1945లో బిల్లు వచ్చినప్పుడు ఆ డబ్బును తండ్రికి ఇవ్వాలని ప్రభుత్వం ప్రతిపాదిస్తే, తల్లి చేతికే అందాలని పట్టుబట్టి సాధించారు. ఆ భత్యం అందుకున్న తల్లుల్లో అత్యధికులు పట్టభద్రులు కారు. ఆ డబ్బు ఎవరి చేతిలో పడితే పిల్లల కడుపు నిండుతుందో తెలిసిన ఆ తల్లులకు ఒక్క ఓటు, అది తెలియనవసరం లేని పట్టభద్రుడికి రెండు ఓట్లు ఉండడం నాకు న్యాయంగా తోచదు.