వేటకు అడవిలో నాలుగైదు రోజులు ఉండాలంటే ఎన్ని లీటర్ల బ్యాగు కావాలి?

సాధారణంగా 65 నుంచి 80 లీటర్లు చాలు. వారం దాటినా, చలికాలమైనా 90–100 దాకా వెళ్లండి. దళసరి స్లీపింగ్ బ్యాగు, చలిబట్టలే బోలెడు చోటు తినేస్తాయి. పెద్ద బ్యాగు ఖాళీగా ఉంటే పక్క పట్టీలు లాగి కుదించవచ్చు.

అయితే వేటలో అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలోనే, మాంసం మోసేటప్పుడు. అందుకే నేనైతే లీటర్ల కంటే ముందు ఫ్రేమ్, అంటే బ్యాగును వీపు వైపు పట్టి ఉంచే గట్టి చట్రం, చూస్తాను. బ్యాగుకూ ఫ్రేముకూ మధ్య మాంసం మూటను ఇరికించి బిగించే వీలుంటే మరీ పెద్ద బ్యాగు అక్కర్లేదు, రక్తమూ సామానుకు అంటదు. బరువు వీపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి వెనక్కి లాగదు కూడా.

భారం ఎక్కువగా తుంటి మీద పడాలి. మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు ఎత్తు వరకు వీపును కొలిపించుకుని, ఆ కొలతకు సరిపడే ఫ్రేమ్ తీసుకోండి.