అయాన్లది సంయోగమా, సాహచర్యమా?

సందేహం: ‘జలీయ లోహ లవణ ద్రావణాలలో అయాన్ సంయోగం మరియు రవాణా ధర్మాలు’ అని నా వ్యాసానికి పేరు పెట్టాను. ‘సంయోగం’ తప్పని ఒకరు, ‘రవాణా’ లారీల మాట అని ఇంకొకరు అంటున్నారు. ఏమని రాయాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: మీరు అడగని సంగతి ముందు చెబుతానమ్మా. ‘జలీయ లోహ’ అనగానే నాకు పాదరసం గుర్తొచ్చింది. తెలుగులో విశేషణం పక్కనున్న మాటనే పట్టుకుంటుంది. నీటితో చేసినది ద్రావణం కాబట్టి ఆ రెంటినీ దగ్గరికి చేర్చి ‘లోహ లవణాల జలద్రావణాలు’ అనండి. ‘మరియు’ను వదిలేసి చివరి అచ్చులను సాగదీస్తే చాలు.

ఇక సంయోగం. లవణం నీటిలో కరిగితే ధన, రుణ విద్యుదావేశాలున్న కణాలుగా విడిపోతుంది, అవే అయాన్లు. మీ ఉత్తరం పట్టుకుని మా వీధి చివర ఉండే రసాయన శాస్త్రం మాష్టారి ఇంటికి వెళ్లాను. ఆయన రెండు గాజుగ్లాసుల్లో నీళ్లు పోసి ఒకదానిలో ఉప్పు, రెండోదానిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేశారు. ఉప్పు చప్పుడు చేయకుండా మాయమైంది. మైలుతుత్తం మాత్రం అడుగున నీలంగా చారలు కట్టి మెల్లగా పైకి పాకింది. ‘రెండూ కరిగాయి కదా, అయితే కరెంటును మోయడంలో రెండూ ఒకటి కావు’ అంటూ పాత క్యాలెండర్ కాగితం వెనక అంకెలు వేశారు. 25 డిగ్రీల దగ్గర, మరీ పలుచటి ద్రావణంలో ఉప్పు తుల్య వాహకత (ఒక తుల్యభారం, అంటే ఒక మోల్ ఆవేశాన్నిచ్చేంత లవణం, కరెంటును మోసే సామర్థ్యం) దాదాపు 126, మైలుతుత్తానిది దాదాపు 134. లీటరుకు 0.1 తుల్యభారం చొప్పున చిక్కబరిస్తే ఉప్పు 107 దగ్గర నిలుస్తుంది, మైలుతుత్తం 50కి పడిపోతుంది. చుట్టూ మూగిన వ్యతిరేక ఆవేశాల అయాన్లు వెనక్కి లాగడం కొంత కారణం. రాగి, సల్ఫేట్ అయాన్లు రెండేసి ఆవేశాలతో ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించి జంటలు కట్టడం మరో కారణం. ఒకదాని ధనం, రెండోదాని రుణం సరిపోయాక ఆ జంటను విద్యుత్ క్షేత్రం ఎటూ లాగదు.

జంట కట్టినంత మాత్రాన అవి కొత్త పదార్థం కాలేదు. కాసేపటికి విడిపోతాయి, మళ్లీ వేరొకదానితో కలుస్తాయి. మన పాఠ్యపుస్తకాల్లో ‘రసాయన సంయోగం’ అంటే మూలకాలు కలిసి సమ్మేళనంగా మారడం. మాట ఇప్పటికే ఆ పనిలో ఉంది, రెండో పని అప్పగిస్తే చదివేవాడు తికమకపడతాడు. (అలంకార శాస్త్రం చదివినవాడైతే ఇంకెక్కడికో వెళ్లిపోతాడు.) వ్యాకరణంలో చెప్పాలంటే ఇది సంధి కాదు. సంధిలో చాలాసార్లు ఒక అచ్చు పోతుంది, ఇక్కడ ఏదీ పోదు.

అందుకే ప్రక్రియకు ‘సాహచర్యం’ అనండి. సహ, చర: కలిసి తిరగడం. అయాన్లు చేసేది అచ్చంగా అదే. ఆ ప్రక్రియలో ఏర్పడినదానికి ‘అయాన్ జంట’ చాలు. జంట నగరాలు రెండు నగరాలే కదా! ‘జత’ వద్దంటాను, దరఖాస్తుకు జతచేసిన కాగితం వాసన వస్తుంది. జంటలోనూ తేడాలున్నాయి. అయాన్లు ఒకదాన్నొకటి తాకుతుంటే ‘ఆనుకున్న జంట’, మధ్యలో నీటి అణువు నిలిస్తే ‘నీరడ్డు జంట’ అనవచ్చు. రెండోది నా కల్పన, నచ్చకపోతే మార్చుకోండి.

ఈ జంటల సిద్ధాంతాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బ్యెర్రుం ప్రతిపాదించింది 1926లో. మీ ఊరి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ ఏడే. ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు, ఆర్కే బీచ్‌లో దోసెడు నీళ్లు తీసుకోండి. అందులోని మెగ్నీషియంలో కొంత భాగం సల్ఫేట్‌తో జంటకట్టే ఉంటుంది. హెచ్చు పౌనఃపున్యపు ధ్వని తగిలినప్పుడు ఆ జంటలు విడిపోతూ కలుస్తూ దాని శక్తిని కొంత మింగేస్తాయి. నీటి అడుగున ధ్వనితో వెతికే నౌకాదళం ఉన్న ఊరికి ఇది పరాయి విషయం కాదు. ఐగెన్, టామ్ అనే శాస్త్రవేత్తలు 1962లో ఆ కలయికలోని మెట్లను, అడ్డున్న నీటి అణువులు ఒక్కొక్కటే తప్పుకోవడాన్ని, ధ్వని శోషణ సాయంతోనే వివరించారు.

‘రవాణా’ను ఎవరు వద్దన్నా ఉంచండి. ఉర్దూ ‘రవానా’ నుంచి మనకు వచ్చింది, మూలంలోని పారసీ ధాతువుకు ‘వెళ్లు’ అని అర్థం. ఫారడే 1834లో వాడుకలోకి తెచ్చిన ‘అయాన్’ కూడా గ్రీకులో ‘వెళ్లేది’ అనే మాటే. లారీల మాట అన్నవారు తెలియకుండానే మంచి పోలిక ఇచ్చారు. ఆవేశాన్ని మోస్తే వాహకత, పదార్థాన్ని మోస్తే వ్యాపనం, ద్రవ్యవేగాన్ని మోస్తే స్నిగ్ధత, మూడింటిలోనూ మోత ఉంది. అయాన్ జంట సరుకు లేని లారీ. కరెంటు లెక్కలోకి రాదు గానీ, వ్యాపనం లెక్కలో మాత్రం రోడ్డు మీద ఉన్నట్టే.

పేరు ఇలా పెట్టండి: ‘లోహ లవణాల జలద్రావణాలు: అయాన్ల సాహచర్యమూ, రవాణా ధర్మాలూ’. లోపల మైలుతుత్తం పక్కన ఒకసారి ‘కాపర్ సల్ఫేట్’ అని కూడా రాయండి, పొలం లేని పాఠకులూ ఉంటారు.