బ్యారేజీ దగ్గర ఎంత నీరొస్తే విజయవాడలో నది ఒడ్డునున్న కృష్ణలంక, దిగువ లంకలు జాగ్రత్తపడాలి?

ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు వదిలే నీరు 3.97 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. కట్ట లోపలి లంక పొలాలవాళ్లు రెండోదాని కోసం ఆగకూడదు. మొదటిది వినగానే పశువుల్ని కట్ట మీదికి తోలుకోవాలి, మోటార్లు విప్పి తెచ్చుకోవాలి. నీరు నిలిస్తే పసుపు, కంద దుంపలకు గాలాడక కుళ్లు పడుతుంది. వరద తీయగానే చేను నుంచి బోదెకు చిన్న కాలువ కొట్టి నీళ్లు దించేయాలి.

కృష్ణలంక సంగతి వేరు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటినా రక్షణ గోడ కాలనీని చాలావరకు కాపాడింది. (అప్పుడు నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు.) గోడ ఉన్నా మురుగు కాలువల మీద కన్నేయాలి. నది మట్టం వాటి నోటికన్నా పైకొస్తే నీళ్లు వెనక్కి తంతాయి. ఆ నోళ్లు మూస్తే వీధుల్లో పడిన వాన నీరు బయటికి పోదు, మోటార్లతో తోడాల్సిందే. ఇంట్లో బాత్రూం తూము బుడబుడమంటే సామాను పైకెత్తడం మొదలుపెట్టండి. మొదట ఫ్రిజ్, బియ్యం బస్తా, కాగితాలు.