గిటారిస్టు వెళ్లిపోతే ఆల్బమ్ ఎవరిది?

ప్రశ్న: మేం నలుగురం. హనుమకొండలో ఆరేళ్లుగా తెలుగు రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల కాలేజీ ఫెస్టుల్లో షోలు చేస్తాం. కాజీపేటలో అద్దె గదిలో జామ్ చేస్తూ ఎనిమిది పాటలు కట్టుకున్నాం. సాహిత్యం మా గాయకుడిది. రెండు పాటల్లో జనగామ వైపు ఒగ్గు కళాకారుడు ఒకాయన పాడి, డోలు వాయించాడు. హైదరాబాద్ స్టూడియోలో రికార్డింగుకు లక్షా ఎనభై వేలైంది. అందులో లక్ష మా డ్రమ్మర్ వాళ్ల బాబాయి ఇచ్చాడు. ఇప్పుడు గిటారిస్టు తప్పుకుంటున్నాడు. రిఫ్‌లు (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు) నావి, ఆల్బమ్ విడుదల చేస్తే ఆపిస్తా, బ్యాండ్ పేరు కూడా నేనే వాడుకుంటా అంటున్నాడు. బాబాయేమో డబ్బు పెట్టింది నేను, ఆల్బమ్ నాదే అంటున్నాడు. ఇది చాలదన్నట్టు, కరీంనగర్ షోను రెండు రోజుల ముందు రద్దు చేసిన నిర్వాహకుడు మాకిచ్చిన 20 వేల అడ్వాన్సు వెనక్కి అడుగుతున్నాడు. కాగితం మీద ఏదీ లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆల్బమ్ ఎవరిదని ఒకే ప్రశ్నగా అడిగారు. చట్టం లెక్కలో మాత్రం అది ఒకే ఆస్తి కాదు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం మీ ప్రతి పాటలో సాహిత్యం ఒక కృతి, బాణీ ఇంకొక కృతి, రికార్డయిన శబ్దం మూడోది. వీటి మీద పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ప్రదర్శకుల హక్కు వేరుగా ఉంటుంది. గిటారిస్టు, బాబాయి ఇద్దరూ ఒక్కో పొర పట్టుకుని మొత్తం ఆల్బమ్ తమదంటున్నారు. తగాదా అక్కడ మొదలైంది.

సాహిత్యం సంగతి తేలిక. గాయకుడు రాశాడు కాబట్టి ఆయనదే. చిక్కంతా బాణీ దగ్గర. చట్టంలో సంగీత కృతి అంటే మాటలు లేని సంగీతమే. దాన్ని స్వరాల్లో రాసుకోకపోయినా కట్టినవాడు స్వరకర్తే. నలుగురు ఒకే గదిలో కూర్చుని, ఒకరి రిఫ్ మీద ఒకరు బేస్ వేసి, మూడోవారు చరణం తిప్పితే ఎవరి వంతు ఎంతో విడదీయలేం. చట్టం దాన్ని ఉమ్మడి కర్తృత్వం అంటుంది. అందులో గిటారిస్టుకు వాటా ఉంది, కాదనకండి. అలాగని మొత్తం ఆయనది కాదు. ఉమ్మడి యజమాని ఒక్కడే మిగతావారి సమ్మతి లేకుండా ఇతరులకు లైసెన్సు ఇవ్వలేడని బాంబే హైకోర్టు 2008లో చెప్పింది. ఇది రెండు వైపులా కోస్తుంది. ఆయన ఒక్కడే ఆ పాటలు ఎవరికీ ఇవ్వలేడు, ఆయన్ని వదిలేసి మీరు ముగ్గురూ ఇవ్వలేరు.

ఆయన గిటార్ ట్రాకులు తీసేసి వేరేవాళ్లతో వాయిస్తే సరిపోతుందన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. దాంతో ప్రదర్శకుడిగా ఆయన హక్కు మాత్రమే ఆ రికార్డింగు నుంచి పోతుంది. రిఫ్ అదే అయితే స్వరకర్తగా ఆయన వాటా ఎక్కడికీ పోదు. స్టూడియో ఖర్చు మళ్లీ పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక బాబాయి. రికార్డింగుకు హక్కుదారు నిర్మాత. నిర్మాత అంటే రికార్డింగు చేయించడానికి చొరవ తీసుకుని, బాధ్యత నెత్తినేసుకున్న వ్యక్తి. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఎవరూ నిర్మాత కారు. స్టూడియో ఎవరు బుక్ చేశారు, బిల్లు ఎవరి పేర వచ్చింది, నష్టం వస్తే ఎవరు భరిస్తామన్నారు అన్నవి చూడాలి. ఇవన్నీ మీరే చేసుంటే బాబాయిది అప్పు, లేదా లాభంలో వాటా కోసం పెట్టిన పెట్టుబడి. అప్పయితే తిరిగి కట్టండి, బ్యాంకు ద్వారానే కట్టండి. గంట లెక్కన డబ్బు తీసుకున్న స్టూడియో యజమానికీ ఇదే సూత్రం. మిక్సింగ్ చేసినంతలో పాట ఆయనది కాదు. అయితే ఆ ఇంజినీరు సింథసైజర్ బాణీ ముక్క ఒకటి తనంతట కట్టి కలిపాడా అని కనుక్కోండి. కలిపితే ఆ పాటకు ఆయనా స్వరకర్తే అనే వాదన పుడుతుంది. మొత్తం సెషన్ ఫైళ్లు, విడివిడి ట్రాకులు వెంటనే రెండు హార్డ్ డిస్కుల్లోకి తెచ్చుకోండి. రేపు ఎవరు ఏ తేదీన ఏం వాయించారో చెప్పే మొదటి సాక్షులు అవే.

ఒగ్గు కళాకారుడి విషయంలో రెండు జాగ్రత్తలు. ఆయన పాడిన వరస తరాలుగా వస్తున్నదే అయితే ఆ వరస మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ మన దగ్గర జానపదమని అందరూ పాడుకునే పాటకు రాసినాయన ఇంకా బతికే ఉండొచ్చు, ఆయన పోయాక కూడా 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నాడో అడిగి రాసుకోండి. ఆయన గొంతు, డోలు మీద ప్రదర్శకుడి హక్కు మాత్రం 50 ఏళ్లు ఆయనదే. చేతిలో రెండు వేలు పెట్టి పంపేస్తే సమ్మతి ఇచ్చినట్టు కాదు. ఏ పాటలు, ఏ వాడకం, ఎంత ముట్టింది, వాణిజ్య వాడకానికి రాయల్టీ ఎంత, పేరు ఎలా వేయాలి, ఇవన్నీ తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి.

ఇప్పుడు గిటారిస్టుతో రాసుకోవాల్సిన కాగితం. ఆయన వెళ్లకముందే, మాటలు నడుస్తుండగానే ఇది జరగాలి. పాటకొక స్ప్లిట్ షీట్ వేయండి: పాట పేరు, సాహిత్యంలో ఎవరికెంత, బాణీలో ఎవరికెంత, రికార్డింగులో ఎవరికెంత. ఒక్కో వరుసలో వాటాలు కలిపితే సరిగ్గా నూరు రావాలి. అన్ని పాటలకూ ఒకే లెక్క వేసే అలవాటు మంచిది కాదు, రిఫ్ మీద నిలబడ్డ పాటలో ఆయన వాటా పెద్దదే కావచ్చు. దీని వెంట హక్కుల బదిలీ ఒప్పందం రాసుకోవాలి. ఇది రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. చాలామంది ‘నా హక్కులన్నీ ఇచ్చేశాను’ అని ఒక ముక్క రాయించుకుని స్టాంపు పేపరు ఉంది కదా అని ధీమాగా ఉంటారు. కాలం రాయకపోతే ఆ బదిలీ ఐదేళ్లకే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. మీ పాటను దుబాయ్‌లో వినేవాడి లెక్క అందులోకి రాదు. వేరుగా రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకుంటే అది పోయినట్టే. అందుకని కాలం, ప్రాంతం, ప్రతిఫలం, వాడకాలు నాలుగూ విడమరిచి రాయండి.

ఇంకో గీత దాటకండి. 2012 సవరణ తర్వాత సినిమాలో భాగం కాని రికార్డింగులకు కూడా సాహిత్య, సంగీత కర్తలకు సమాన రాయల్టీ హక్కు ఉంది. దాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్నా ఆ షరతు చెల్లదు. కాబట్టి ఆయన్ని ఒక్కసారి డబ్బిచ్చి వదిలించుకుందామని చూడకండి. ఆయనా, గాయకుడూ ఐపీఆర్ఎస్‌లో (రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యులుగా చేరితే ఆ వాటా నేరుగా వాళ్లకే వెళుతుంది, మీ నలుగురి లెక్కల గొడవలో ఒకటి తగ్గుతుంది.

ఒప్పందం కుదరకుండా విడుదల చేస్తే ఏమవుతుందంటే, ఆయన స్ట్రీమింగ్ వేదికకు ఒక ఫిర్యాదు పెడతాడు. అక్కడ ఎవరూ న్యాయాన్యాయాలు తేల్చరు. పాటలు తీసేస్తారు, లేదా డబ్బు ఆపేస్తారు. అప్పుడు తేల్చుకోవాల్సింది మీరే. పాటలను స్ట్రీమింగ్ వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గరి ఖాతా ఒక్కరి ఈమెయిల్ మీద, ఒక్కరి బ్యాంకు ఖాతాతో ఉంటే అదే రేపటి తగాదా అవుతుంది.

బ్యాండ్ పేరు సంగతి: రాసుకోకపోయినా, కలిసి షోలు చేసి వచ్చింది పంచుకుంటున్నారు కాబట్టి భారత భాగస్వామ్య చట్టం, 1932 ప్రకారం మీది భాగస్వామ్యం కావడానికే ఎక్కువ అవకాశం. ఒప్పందం లేనిచోట లాభాలు సమానం. బ్యాండ్ పేరుకు జనంలో ఉన్న విలువ (గుడ్‌విల్), బ్యాండ్ డబ్బుతో కొన్న ఆంప్, మిక్సర్ అందరి ఆస్తి. గిటారిస్టు సొంత డబ్బుతో కొన్న గిటార్ ఆయనది. రిజిస్టర్ చేయని భాగస్వాములు తమ ఒప్పంద హక్కుల కోసం ఒకరి మీద ఒకరు దావా వేయలేరు, విడిపోయి లెక్కలు తేల్చమని మాత్రం కోర్టును అడగొచ్చు. పేరును ట్రేడ్‌మార్కుగా పెట్టాలంటే వినోద సేవలకు 41వ క్లాసు, రికార్డింగులకు 9వ క్లాసు. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయల ఫీజు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధి. ఎవరో ఒకరు తన పేర దరఖాస్తు పెట్టేస్తే ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలల్లో అభ్యంతరం వేయండి.

కరీంనగర్ అడ్వాన్సు. కాగితం లేదన్నారు కానీ వాట్సాప్‌లో తేదీ, మొత్తం, సమయం ఖాయమైతే అదీ ఒప్పందమే. ఎందుకు రద్దయిందన్నదే అసలు విషయం. నిర్వాహకుడు తన ఇష్టంతో రద్దు చేస్తే తప్పు ఆయనది. వ్యాను బుకింగు, గది, వదులుకున్న మరో షో, ఇలా మీకు నిజంగా తగిలిన నష్టాన్ని అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చు. బిల్లులు చూపగలిగినంత వరకే. పోలీసు అనుమతి రాలేదంటే ఇంకో ప్రశ్న అడగాలి, అసలు దరఖాస్తు పెట్టాడా? బహిరంగంగా రాత్రి 10 తర్వాత మైకు పెట్టకూడదని తెలిసీ 11 దాకా షో వేసుకుని, అనుమతి కోసం వెళ్లకపోతే అది ఆయన నిర్లక్ష్యమే. పెట్టినా నిరాకరించారంటే మాత్రం, షో అసాధ్యమైంది కాబట్టి అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. ఇకపై ఒప్పందంలో అనుమతులు నిర్వాహకుడివని, షోకు ఏడు రోజుల్లోపు రద్దయితే అడ్వాన్సు మీ దగ్గరే ఉంటుందని రాయండి.

 

చివరికి కోర్టుకు పోవాల్సి వస్తే, కాపీరైట్ దావా మీరుండే చోటే వేయొచ్చు. మూడు లక్షలు, ఆపైన విలువైతే వాణిజ్య వివాదం, అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. మీ తగాదా అంత దూరం పోవాల్సినది కాదు. హనుమకొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే ప్రీ లిటిగేషన్ పిటిషన్ పెట్టుకోండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ. వెళ్లేటప్పుడు స్టూడియో బిల్లులు, యూపీఐ వివరాలు, వాట్సాప్ సంభాషణలు, జామ్ రోజుల ఫోన్ రికార్డింగులు తేదీల వారీగా తీసుకెళ్లండి. ఆ ఫోన్లు మార్చకండి, ఫార్మాట్ చేయకండి. కేసు కోర్టుకెక్కితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఆ పరికరాల ఆధారంగానే ఇవ్వాలి.