బొమ్మరైళ్ల పిచ్చి మాన్పించాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయిది పదకొండో గ్రేడ్. మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో పీడీపీ-1 అనే పాత కంప్యూటర్‌ని నడిపి చూపించిన ఒక పెద్దాయనతో చాలాసేపు మాట్లాడాడు. తొలితరం ప్రోగ్రామర్లలో ఆయన పేరున్నవాడని ఇంటికొచ్చాకే తెలిసింది. ఆయన మాత్రం తన గురించి ఒక్కముక్క చెప్పుకోలేదట. అప్పట్నుంచి వీడికి గరాజ్‌లో బొమ్మరైళ్లు, సిగ్నళ్లే లోకం. మాన్పించాలా? ఆయన్ని సిఫార్సు లేఖ అడగొచ్చా?

జవాబు: లేఖ అడక్కండి. ఒక్కసారి మాట్లాడిన కుర్రాడి గురించి ఆయన మాత్రం ఏం రాస్తారు? యూసీ, కాల్ స్టేట్ అనే కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల కాలేజీలు మామూలుగా లేఖలు అడగనే అడగవు. అడిగేచోట ఏడాదంతా చూసిన ఫిజిక్స్ టీచర్ మాటకే బరువు.

రైళ్లు మాన్పించకండి. ఆ పెద్దాయన తరంలో కొందరు అక్కణ్నుంచే వచ్చారు. ఎంఐటీలో 1946లో మొదలైన బొమ్మరైళ్ల క్లబ్బులో కొందరికి పెట్టెలకు రంగులేయడం, కొండలూ ఊళ్లూ అమర్చడం సరదా. మిగతావాళ్లు బల్ల కింద దూరి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులతో, ఏ పట్టాకు ఎప్పుడు కరెంటు పోవాలో తేల్చే సర్క్యూట్లు కట్టేవాళ్లు. 1961లో పీడీపీ-1 రాగానే దాన్ని పట్టుకుని వదలనిది ఈ బల్లకింది బ్యాచే. మరుసటి ఏడాది స్టీవ్ రస్సెల్, మిత్రులు దానిమీద స్పేస్‌వార్ ఆట రాశారు. యంత్రం స్విచ్చులతో ఆడితే మోచేతులు నొప్పెడుతున్నాయని ఆలన్ కోటాక్, బాబ్ సాండర్స్ క్లబ్బు సామాన్లతో విడిగా కంట్రోలర్లు చేశారు. కోటాక్ తర్వాత పీడీపీ-10 కంప్యూటర్ రూపకర్తల్లో ముఖ్యుడయ్యాడు.

ఇప్పుడు రిలేల పని డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) అనే పద్ధతి చేస్తోంది. బండిని నడిపే కరెంటులోనే ఆజ్ఞలూ పోతాయి: సగం పల్సు 58 మైక్రోసెకన్లుంటే 1, 100 లేదా అంతకు మించితే 0. ఇలాంటి 1లూ 0లూ కలిసిన ఒక్కో ఆజ్ఞే ప్యాకెట్; దాని చివర, దారిలో తప్పు దొర్లిందేమో కనిపెట్టడానికి ఒక బైటు. రెడీమేడ్ పెట్టె కొనివ్వకుండా, ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో ఆ ప్యాకెట్‌ను వాణ్ణే పుట్టించమనండి. టైమర్లు, ఇంటరప్టులు (చేస్తున్న పని ఆపించి చిప్‌ను పిలిచే సంకేతాలు) తలకెక్కుతాయి. తర్వాత ఇది అడగండి: రెండు బండ్లు ఎదురెదురుగా ఒకే లైన్లోకి రాకుండా ఎలా ఆపుతావు? వైర్లు ముట్టుకోకముందే ఏ సిగ్నల్‌కు ఏ పాయింటు (బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించే చోటు) ఎటు ఉండాలో పట్టిక రాయాలి. అసలు రైళ్లలో సిగ్నళ్లనూ పాయింట్లనూ ముడిపెట్టే ఇంటర్‌లాకింగూ ఇదే. రైలు ప్రమాదాల్ని ఆపే వ్యవస్థలైన అమెరికా పాజిటివ్ ట్రెయిన్ కంట్రోల్‌కైనా, మన కవచ్‌కైనా ఈ ఆలోచన తెలిసినవాళ్లు కావాలి.

బొమ్మరైళ్ల కోసం జేఎంఆర్ఐ అని జావాలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బర్క్‌లీ ఫిజిక్స్ ప్రొఫెసర్ బాబ్ జేకబ్‌సన్ మొదలుపెట్టింది. అందులో చిన్న లోపం సరిదిద్ది పంపి, వాళ్లు తీసుకుంటే దరఖాస్తులో దాన్ని దర్జాగా రాసుకోవచ్చు. "పయనీర్‌ను కలిశాను" అన్న వాక్యం కన్నా నయం.

జాబితాలో కంప్యూటర్ సైన్స్ ఒక్కటే పెట్టకండి. మీవాడికి కంప్యూటర్ ఇంజనీరింగ్ బాగా కుదురుతుంది. శాన్ లూయిస్ ఒబిస్పోలోని కాల్ పాలీని తప్పకుండా చూడండి, అక్కడ చేత్తో చేయించి నేర్పుతారు. కాల్క్యులస్, ఫిజిక్స్ మార్కులు మాత్రం జారనివ్వొద్దు. పరీక్షల వారంలో ఆ రైళ్ల ప్లగ్గు మీ దగ్గర దాచుకున్నా తప్పులేదు.