నేలవేము మన కణాల్లో ఏం చేస్తుంది?

నేలవేము అనే చేదు మొక్క వాపును తగ్గిస్తుంది, యాంటీఆక్సిడెంట్‌గా పనిచేస్తుంది అంటారు కదా, కణం లోపల అసలు ఏం జరుగుతుందని అడిగారు.

నాలుకను ఓ పట్టాన వదలని ఆ చేదుకు ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం. మందుగా పనిచేసేదీ ఎక్కువగా అదే. సూక్ష్మజీవుల తాకిడి తగిలినప్పుడు కణంలోని ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్‌ఏను పట్టుకుని, వాపు పుట్టించే జన్యువులను మేల్కొలుపుతుంది. ఆండ్రోగ్రాఫోలైడ్ ఆ ప్రోటీన్‌లోని పీ50 భాగంలో, 62వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి గట్టిగా అతుక్కుంటుంది. ఇక ఆ ప్రోటీన్ డీఎన్‌ఏను పట్టుకోలేకపోతుంది. దాంతో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలు తగ్గుతాయి. ఒక చేదు మొక్కలో ఇంత గురిచూసి కొట్టే గుణం ఉండటం నాకు ఎప్పుడూ అబ్బురమే.

యాంటీఆక్సిడెంట్ పని ఇంకో దారిలో జరుగుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ను కదిలించి, కణం తన రక్షణ ఎంజైములను తానే ఎక్కువగా తయారు చేసుకునేలా చేస్తుంది.

అయితే ఇవి చాలావరకు ల్యాబ్‌లో కణాల మీద, జంతువుల మీద చూసినవి. నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది తక్కువే. గర్భిణులు దీన్ని వాడకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందు డాక్టర్‌ను అడగండి.