నిరుద్యోగం ఎక్కువగా ఉన్నప్పుడు స్థానికులకే ముందు ఉద్యోగాలివ్వడం న్యాయమేనా? అమెరికాలో నేను చూసింది

మీరు అడిగినవి రెండు. దేశంలో నిరుద్యోగం పెరిగినప్పుడు బయటి నుంచి వచ్చిన నిపుణుల కంటే స్థానికులకే ముందు ఉద్యోగాలివ్వడం న్యాయమేనా అన్నది ఒకటి. మీ తమ్ముడు ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లాలనుకుంటున్నాడు కాబట్టి అక్కడ ఈ వ్యవహారం నిజంగా ఎలా నడుస్తుంది అన్నది రెండోది. నేను వరంగల్ నుంచి 2007లో వచ్చాను, డాలస్ దగ్గర ఉంటున్నాను. ఉద్యోగం అడిగే కుర్చీలోనూ కూర్చున్నాను, ఇచ్చే కుర్చీలోనూ కూర్చున్నాను కాబట్టి రాస్తున్నా.

మొదటిదానికి నా జవాబు: న్యాయమే. ఏ ప్రభుత్వమైనా ముందు తన పౌరుల ఉద్యోగాల గురించే ఆలోచించాలి. నా గొడవంతా ఆ సూత్రాన్ని ఇక్కడ అమలు చేసే తీరుతోనే. స్థానికుడికి ఉద్యోగం రాదు, వలస వచ్చినవాడికి కంటి మీద కునుకు ఉండదు, మధ్యలో కంపెనీ హాయిగా ఉంటుంది.

నేను చదువు ముగించింది 2009 మేలో. అంతకు ముందే ఒక పెద్ద బ్యాంకు టెక్నాలజీ విభాగంలో ఆఫర్ వచ్చింది. ఆ ఫిబ్రవరి 17న ఒబామా సంతకం పెట్టిన ఆర్థిక ప్యాకేజీ చట్టంలో చిన్న భాగం ఒకటి ఉంది. ప్రభుత్వం దగ్గర బెయిలౌట్ డబ్బు తీసుకున్న సంస్థలు కొత్తగా హెచ్-1బి (విదేశీ నిపుణులకు ఇచ్చే ఉద్యోగ వీసా) మీద మనిషిని తీసుకోవాలంటే, ముందు అమెరికన్ల కోసం నిజంగా వెతికామని, అదే పని చేసే అమెరికన్లను తీసేయలేదని హామీ ఇవ్వాలి. రెండేళ్ల పాటు అమల్లో ఉంది. గమనించండి, చట్టం నిషేధించలేదు, షరతులే పెట్టింది. మా బ్యాంకు లాయర్లు ఆ షరతుల తలనొప్పి ఎందుకనుకున్నారు. నా ఆఫర్ వెనక్కి తీసుకున్నారు.

కోపం వచ్చింది, ఎందుకు రాదు? ఇంటికి ఫోన్ చేసి మా బాపుతో గోడు వెళ్లబోసుకుంటే ఆయన ఒకటే అన్నాడు: "69ల మా కొలువులు మాకు గావాలె అని మేం కొట్లాడినం. గిప్పుడు వాళ్లు గదే అంటున్నరు. తప్పేమున్నది?" తెలియనివాళ్ల కోసం: నిజాం కాలంలో, 1919లో వచ్చిన ముల్కీ నిబంధనల ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో 15 ఏళ్లు నివాసం ఉన్నవాళ్లే సర్కారు కొలువులకు అర్హులు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ రక్షణలు సరిగ్గా అమలు కావట్లేదని 1969లో తెలంగాణ భగ్గుమంది. అప్పుడు మా బాపు వరంగల్‌లో విద్యార్థి. గైర్ ముల్కీలు (స్థానికులు కానివాళ్లు) వెనక్కి పోవాలని ఊరేగింపుల్లో అరిచిన మనిషి కొడుకు టెక్సాస్‌లో గైర్ ముల్కీ అయ్యాడు. బాపు మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అందుకే సూత్రం జోలికి వెళ్లను.

ఆ ఏడాది గురించి జనం పెద్దగా చెప్పుకోని విషయం ఒకటుంది. 2008 ఏప్రిల్‌లో హెచ్-1బి దరఖాస్తులు మొదటి ఐదు రోజుల్లోనే దాదాపు 1,63,000 వచ్చి పడి లాటరీ తీయాల్సి వచ్చింది. 2009లో అదే కోటా (65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000) నిండేసరికి డిసెంబర్ 21 అయింది. అక్టోబర్‌లో నిరుద్యోగం 10 శాతానికి చేరిన సంవత్సరం అది. ఎవరూ గేటు మూయలేదు, కంపెనీలే తీసుకోవడం తగ్గించేశాయి. ఫీజులు, లాయర్లు, ఎదురుచూపులు అన్నీ భరించి బయటి మనిషిని తెచ్చుకునేది పని బాగా ఉన్నప్పుడే. మాంద్యంలో వలస నిపుణుల రాక తనంతట తానే పడిపోతుంది. రాజకీయ నాయకుల ఉపన్యాసాలు మాత్రం సరిగ్గా అప్పుడే మొదలవుతాయి.

చివరికి నాకు ఒక చిన్న కన్సల్టెన్సీలో దొరికింది. జీతం బ్యాంకు ఇస్తానన్నదానికంటే చాలా తక్కువ. ప్రాజెక్టులో నా పక్క సీటులో ఒక అమెరికన్ ఉండేవాడు. శనివారం రమ్మంటే "కుదరదు" అని చెప్పి వెళ్లిపోయేవాడు. నేను అలా అనలేను. నా వీసా ఆ కంపెనీ పేరు మీద ఉంది. ఉద్యోగం పోతే ఇప్పుడున్న 60 రోజుల గడువు కూడా అప్పట్లో లేదు, అది 2017 జనవరిలో వచ్చింది. పోయిన రోజే స్టేటస్ పోయినట్టు లెక్క. ఆ టెన్షన్‌లో ఉన్నవాడు జీతం పెంచమని అడగడు, మేనేజర్‌కి ఎదురు చెప్పడు. మా ఇద్దరిలో ఆ మేనేజర్‌కి ఎవరు ముద్దో చెప్పక్కర్లేదు. స్థానికుడి ఉద్యోగానికి అసలు ముప్పు ఇక్కడుంది. నా నైపుణ్యం ఎక్కువనో తక్కువనో కాదు, నేను కట్టుగొయ్యకు కట్టేసి ఉన్నాను కాబట్టి నన్ను ఎంచుకుంటారు.

ఇక ఇచ్చే కుర్చీ సంగతి. గ్రీన్ కార్డు కావాలంటే చాలామందికి మొదటి మెట్టు పర్మ్. "ఈ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదు" అని కంపెనీ కార్మిక శాఖకు చూపించాలి. రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన, రాష్ట్ర ఉపాధి సంస్థ దగ్గర 30 రోజుల పాటు ఖాళీ నమోదు, ఇంకా కొన్ని. కాగితం మీద చూస్తే స్థానికులకు ఇంతకంటే రక్షణ ఏం కావాలి అనిపిస్తుంది.

నేను టీం లీడ్ అయ్యాక, కోవిడ్ తర్వాతి రోజుల్లో, మా టీంలోని ఒక తెలుగమ్మాయికి ఈ ప్రక్రియ మొదలైంది. ఆమె అప్పటికే కొన్నేళ్లుగా అదే ఉద్యోగం చేస్తోంది. అంటే ప్రకటన వేసిన "ఖాళీ" ఖాళీ కాదు, ఆమె కూర్చున్న కుర్చీయే. ఆ పేపర్ ప్రకటన చూసి ఒకాయన దరఖాస్తు పెట్టాడు. యాభై దాటిన అమెరికన్, ఒక విమాన సంస్థ ఐటీ విభాగంలో లేఆఫ్ అయినవాడు. మాట్లాడాను. పనికి సరిపోతాడు, అందులో అనుమానం లేదు. అదే రాసి ఇచ్చాను.

తర్వాత ఏమైందో చూడండి. అర్హుడైన స్థానికుడు దొరికితే ఆ ఉద్యోగం అతనికే ఇవ్వాలని నియమం ఎక్కడా లేదు. కంపెనీ పర్మ్ దరఖాస్తు వేయకుండా ఆగితే చాలు. ఆ అమ్మాయి హెచ్-1బి మీద అదే సీట్లో కొనసాగింది, గ్రీన్ కార్డు మాత్రం ఆగిపోయింది. ఆయనకు కారణం చెప్పని మెయిల్ ఒకటి వెళ్లింది. వేరే ఖాళీలో తీసుకుందామని నేను అడిగితే నియామకాలు ఆపేశాం అన్నారు. ఆరేళ్ల వీసా గడువు దగ్గరపడుతోందని ఆమె ఇంట్లో ఏడుపు. ఆయన ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, కానీ ఒక భారతీయుడు తన ఉద్యోగం కొట్టేశాడని ఆయన అనుకుంటే నేను తప్పు పట్టను.

ఇది మా ఒక్క ఆఫీసు కథ కాదు. 2021 అక్టోబర్‌లో ఫేస్‌బుక్, పర్మ్ ఉద్యోగాలకు స్థానికులు దరఖాస్తు చేయకుండా నిరుత్సాహపరిచిందన్న ఆరోపణ మీద అమెరికా న్యాయశాఖతో 1.425 కోట్ల డాలర్ల దాకా చెల్లించే రాజీకి వచ్చింది. మిగతా ఉద్యోగాల్లా వెబ్‌సైట్‌లో పెట్టకుండా దరఖాస్తులు పోస్టులో పంపమనేవారట! 2023 నవంబర్‌లో యాపిల్ అలాంటి కేసులోనే 2.5 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇంకో కంత చెబుతాను. హెచ్-1బి ఉద్యోగుల మీద ఎక్కువగా ఆధారపడే కంపెనీలు స్థానికులను తీసేసి ఆ చోట వీళ్లను పెట్టకూడదని 1998 చట్టం అంటుంది. కానీ ఏడాదికి 60,000 డాలర్ల జీతం ఇస్తే, లేదా మనిషికి మాస్టర్స్ ఉంటే ఆ నిబంధన వర్తించదు. 1998లో 60,000 అంటే మంచి జీతం. ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. 2015లో ఆర్లాండోలో డిస్నీ సుమారు 250 మంది టెక్ ఉద్యోగులను తీసేసినప్పుడు, కొందరి చేత వాళ్ల స్థానంలో వచ్చేవాళ్లకే పని నేర్పించారని పెద్ద గొడవైంది. కోర్టుకెళ్లినవాళ్లు గెలవలేదు.

ఇవన్నీ సరిచేయకుండా గేటు మూస్తే ఏమవుతుందో 2020లో చూశాం. ఏప్రిల్‌లో నిరుద్యోగం 14.7 శాతం. జూన్ 22న ట్రంప్, బయట ఉండి, చేతిలో చెల్లే వీసా లేని హెచ్-1బి వాళ్లు లోపలికి రావడం ఆపేశాడు, 2021 మార్చి దాకా నడిచింది. కానీ ఉద్యోగాలు ఊడింది హోటళ్లలో, రెస్టారెంట్లలో, దుకాణాల్లో. కంప్యూటర్ ఉద్యోగాల్లో నిరుద్యోగం 3 శాతం ప్రాంతంలోనే ఉంది. డేటాబేస్ నడిపేవాణ్ణి ఆపితే వెయిటర్‌కి పని దొరుకుతుందా? మా టీంలో ఒకబ్బాయి చెల్లెలి పెళ్లికి కరీంనగర్ వెళ్లి ఇరుక్కుపోయాడు. కొన్ని నెలలు రాత్రిళ్లు అక్కడి నుంచే పనిచేశాడు. తర్వాత కంపెనీ ఆ పోస్టునే హైదరాబాద్ ఆఫీసుకు మార్చేసింది. ఇర్వింగ్‌లో అద్దె, కారు వాయిదా, ఇక్కడి పన్నులు కట్టే మనిషి గచ్చిబౌలిలో కట్టడం మొదలుపెట్టాడు. బ్రిటా గ్లెనన్ అనే ఆర్థికవేత్త అధ్యయనంలో తేలిందీ ఇదే: హెచ్-1బి దొరక్కపోతే బహుళజాతి కంపెనీలు ఇండియా, చైనా, కెనడాల్లోని తమ శాఖల్లో మనుషుల్ని పెంచుకున్నాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తుల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి నా భయం కూడా అదే.

మనవాళ్లు అమెరికాను తిట్టే ముందు ఇంటి వైపు కూడా చూసుకోవాలి. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం అలాంటి బిల్లే (మేనేజర్ స్థాయిలో 50 శాతం, కింద 70 శాతం) ఆమోదిస్తే బెంగళూరులోని మన పిల్లలు గగ్గోలు పెట్టారు. కొద్దిరోజుల్లోనే దాన్ని పక్కన పెట్టారు. ఆ సందులో నారా లోకేష్ ఆ కంపెనీలను విశాఖ రమ్మని పిలిచాడు! ప్రభుత్వం మారిందనుకోండి, అయినా నాకు నవ్వొచ్చింది.

నన్నడిగితే, స్థానికుణ్ణి వెతకడం కుర్చీ నిజంగా ఖాళీగా ఉన్నప్పుడే జరగాలి, దొరికితే అతనికే ఇవ్వాలి. దొరక్కపోతే వచ్చినవాడికి మంచి జీతం కనీస హద్దుగా పెట్టి, నచ్చకపోతే వేరే కంపెనీకి సులువుగా మారే స్వేచ్ఛ ఇవ్వాలి. అప్పుడు అతన్ని చవకగా, నోరు మూసుకుని పనిచేసేవాడిగా వాడుకోవడం కుదరదు, పక్కనున్న అమెరికన్‌తో సమానంగానే పోటీ పడతాడు. మా వాట్సాప్ గ్రూపులో ఇలా అంటే నన్ను ద్రోహిలా చూస్తారు, చూడనివ్వండి.

మీ తమ్ముడి విషయానికొస్తే, రావద్దని నేను అనను. కానీ హెచ్-1బి వస్తుందన్న లెక్కతో అప్పు చేయొద్దు. టెక్ కోర్సయితే చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, పొడిగింపు 24 నెలలు, మొత్తం మూడేళ్లు. అందులో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 150 రోజులే, మొదటి ఏడాదిలో 90. ఆ మూడేళ్ల సంపాదనతో అప్పు తీరుతుందా లేదా అన్నది ఇప్పుడే కాగితం మీద వేసుకోండి. తీరదనిపిస్తే ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీ చూడండి. ఆఫర్ చేతికొచ్చాక "గ్రీన్ కార్డు చేస్తాం" అని ఎవరైనా నోటిమాటగా అంటే, పర్మ్ ఎన్నాళ్లకు మొదలుపెడతారో రాసివ్వమని అడగమనండి.